రేటు అడిగే ముందు బిల్లు చదవండి

(టెక్సస్‌లోని ఇర్వింగ్‌లో తెలుగు చిన్న వ్యాపారుల సమావేశంలో ఒక విద్యుత్ బ్రోకర్ చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం.)

అందరికీ నమస్కారం. వెనక వరసలో వినిపిస్తోందా అండీ? ఆ, సరే.

ఒక సంగతి మొదటే చెప్పేస్తే నాకూ మీకూ సుఖం. నేను బ్రోకర్ని. మీలో ఎవరైనా కరెంటు కాంట్రాక్ట్ మీద సంతకం పెడితే నాకు డబ్బులొస్తాయి. ఎంతొస్తాయి, ఎవరి జేబులోంచి వస్తాయి అన్నది కాసేపాగి చెప్తాను, దాచేదేం లేదు. అందాకా నా మాటల్ని కూడా ఒక కంట కనిపెడుతూనే వినండి.

నాకొచ్చే ఫోన్లన్నీ దాదాపు ఒకే ప్రశ్నతో మొదలవుతాయి. “అన్నా, ఇవాళ రేటెంత?” కిరాణా కొట్టాయనా అదే అడుగుతాడు, మోటెల్ నడిపే ఆవిడా అదే అడుగుతుంది. చెప్పలేక కాదు, చెప్పినా మీకు పనికి రాదు. ఇద్దరికీ వచ్చే రేటు ఒకటి కాదు. ఒకవేళ ఒకటే వచ్చినా, ఏడాది తిరిగేసరికి ఇద్దరూ యూనిట్‌కి కట్టింది ఒకటి కాదు. ఎందుకన్నది బిల్లులో సగం, కాంట్రాక్ట్‌లో సగం ఉంటుంది. ఈ రెండూ చదవకుండా రేటు ఒక్కటే అడిగేవాళ్ళ వల్లే మా వృత్తిలో కొందరు బాగా బతుకుతున్నారు.

ముందు ఇక్కడి ఏర్పాటేమిటో క్లుప్తంగా చూద్దాం. 1999లో టెక్సస్ శాసనసభ సెనేట్ బిల్ 7 అనే చట్టం చేసింది. దాని ప్రకారం 2002 జనవరి 1 నుంచి ఎవరి దగ్గర కరెంటు కొనాలో వినియోగదారుడే ఎంచుకోవచ్చు. అంతకుముందు ఒకే కంపెనీ కరెంటు తయారుచేసి, తీగల మీద తెచ్చి, బిల్లు పంపేది. ఆ పనిని విడగొట్టారు. తయారీదారులు వేరు, తీగలవాళ్ళు వేరు, అమ్మేవాళ్ళు వేరు. తీగల దగ్గర పోటీ లేదు. డాలస్ చుట్టుపక్కల ఎక్కువ చోట్ల ఆంకార్, హ్యూస్టన్‌లో సెంటర్‌పాయింట్. వాళ్ళ చార్జీలు పబ్లిక్ యుటిలిటీ కమిషన్, అంటే పీయూసీ, ఆమోదిస్తుంది. అమ్మేవాళ్ళ దగ్గరే మీకు ఎంపిక ఉన్నది. వీళ్ళని ఇక్కడ ‘రెప్’ అంటారు, రిటైల్ ఎలక్ట్రిక్ ప్రొవైడర్‌కి పొట్టి పేరు. గ్రిడ్ మొత్తాన్ని క్షణక్షణం సమతూకంలో ఉంచే పని ఎర్‌కాట్ అనే సంస్థది.

చవక కంపెనీకి మారితే కరెంటు మాటిమాటికీ పోతుందేమోనని ఇప్పటికీ అడిగేవాళ్ళున్నారు. పోదండీ. మీ కొట్టుకి వచ్చే తీగ అదే, ట్రాన్స్‌ఫార్మర్ అదే, గాలివానకి చెట్టు పడితే వచ్చే ట్రక్కూ ఆంకార్‌దే. మీ రెప్ చేసేది హోల్‌సేల్‌లో కొనడం, మీకు అమ్మడం, బిల్లు పంపడం. అంతే.

అందరికీ ఈ ఎంపిక లేదు. ఆస్టిన్, సాన్ ఆంటోనియో, డెంటన్, గార్లండ్ లాంటి చోట్ల నగరపాలక సంస్థలదే కరెంటు. వాళ్ళు పోటీలోకి రాలేదు. కోఆపరేటివ్‌లూ ఎక్కువ భాగం అంతే. ఫ్రిస్కో వైపు కొత్తగా కొట్టు తీసుకునేవాళ్ళు ముందు అడగాల్సింది ఇదే: ఆ స్థలం ఆంకార్ కిందికొస్తుందా, కోసర్వ్ అనే కోఆపరేటివ్ కిందికొస్తుందా? కోసర్వ్ అయితే నేను చెప్పేదంతా మీకు కాలక్షేపమే. టీ తాగి వెళ్ళొచ్చు. (నవ్వులు) లబక్ మాత్రం మొన్న 2024లో పోటీలోకి వచ్చింది.

ఇప్పుడు బిల్లు. ఎవరైనా తెచ్చారా? తెమ్మని చెప్పాం కదా. ఆ, ఇటివ్వండి బాబాయ్ గారూ. పేరు, అడ్రసు చదవన్లెండి. రెస్టారెంట్ అని మాత్రం చెప్తాను.

ఇదుగో, పైన పొడుగ్గా ఒక నంబరుంది, ఈఎస్ఐ ఐడీ. మన మీటర్ పాయింట్‌కి అదే గుర్తింపు. కోట్, అంటే కంపెనీ ఇచ్చే ధర ప్రతిపాదన, కావాలంటే ఎవరైనా అడిగేది ఈ నంబరే. దీన్ని ఫోన్లో ముక్కూ మొహం తెలియనివాడికి చదివి చెప్పకండి. “మేము ఆంకార్ నుంచి మాట్లాడుతున్నాం, మీ నంబర్ ధ్రువీకరించాలి” అని ఫోన్ చేసేవాళ్ళుంటారు. నంబరు, వ్యాపారం పేరు చేతిలో ఉంటే మిమ్మల్ని వేరే కంపెనీకి మార్చే ప్రయత్నం చేయడం తేలిక.

కింద ఎనర్జీ చార్జ్. ఇది మీ రెప్‌ది. యూనిట్‌కి ఇన్ని సెంట్లు అని ఉంటుంది. మీరు బేరమాడేది ఈ ఒక్క లైను మీదే. దాని కింద డెలివరీ చార్జీలు, ఇవి ఆంకార్‌వి. మీరు ఏ కంపెనీకి మారినా ఈ భాగం మారదు. కమర్షియల్ కాంట్రాక్టుల్లో చాలావరకు దీన్ని ఉన్నదున్నట్టు మీకు దాటిస్తారు. సాధారణంగా మార్చిలో ఒకసారి, సెప్టెంబర్‌లో ఒకసారి ఇందులో కొన్ని రేట్లు మారుతుంటాయి. ఫిక్స్‌డ్ అని చెప్పి బిల్లు పెంచారేంటని అప్పుడు నాకు ఫోన్లొస్తాయి. పెరిగింది ఎనర్జీ కాదు, తీగల చార్జీ.

ఈ డెలివరీ భాగంలో ఒక లైను చూడండి, ‘బిల్డ్ డిమాండ్’ అని ఉంది, పక్కన కిలోవాట్లు. చాలామంది కళ్ళు దీన్ని దాటి పోతాయి. ఇది మీరు నెలంతా వాడిన కరెంటు కాదు. నెల మొత్తంలో ఏదో ఒక పావుగంటలో మీరు అత్యధికంగా లాగిన కరెంటు. పది కిలోవాట్లు దాటిన కమర్షియల్ మీటర్లకి ఆంకార్ చార్జీల్లో ఎక్కువ భాగం యూనిట్ల మీద పడదు, ఈ కిలోవాట్ల మీద పడుతుంది.

ఇంకో మెలిక కూడా ఉంది. బాబాయ్ గారి రెస్టారెంట్ ఆగస్టులో ఒకే ఒక్క పావుగంట 60 కిలోవాట్లు తాకిందనుకుందాం. జనవరిలో ఏసీలు లేవు, 35 తాకింది. బిల్లు 35కి వేస్తారా? వేయరు. గత పదకొండు నెలల్లో మీ గరిష్ఠంలో 80 శాతం, ఈ నెల డిమాండ్, రెండింట్లో ఏది ఎక్కువైతే దానికి వేస్తారు. అరవైలో 80 శాతం 48. అంటే చలికాలంలో 35 వాడి 48కి కడతారు. కిలోవాట్‌కి పది డాలర్లని లెక్కకి అనుకుంటే నెలకి 130 డాలర్లు అదనం. వచ్చే వేసవి దాకా అది మిమ్మల్ని వదలదు. మా భాషలో దీన్ని ‘రాచెట్’ అంటాం. ఏ కంపెనీకి మారినా ఇది పోదు. పోగొట్టుకోవాల్సింది వంటింట్లో.

వంటింట్లో ఎలాగంటారా? స్మార్ట్ మీటర్ టెక్సస్ అని ఒక వెబ్‌సైట్ ఉంది. మీ మీటర్ రీడింగ్ పావుగంట పావుగంటకీ అందులో ఉంటుంది, డబ్బులేం కట్టక్కర్లేదు. ఒక టిఫిన్ సెంటర్‌కి ఈ గ్రాఫ్ తీసి చూశాం. మేమంతా సాయంత్రం నాలుగింటి ఎండకి పీక్ వస్తుందనుకున్నాం. చూస్తే పొద్దున పది నలభై ఐదు! తాళం తీయగానే కప్పు మీదున్న ఏసీలన్నీ ఒకేసారి వేస్తున్నారు. రాత్రంతా వేడెక్కిన హాలు కాబట్టి అవి నిండు జోరు మీద తిరుగుతాయి. అదే సమయానికి ఎగ్జాస్ట్, రెండు వెట్ గ్రైండర్లు, కరెంటు స్టీమర్లు, దానికి తోడు వాక్-ఇన్ ఫ్రీజర్ డీఫ్రాస్ట్ టైమర్ కూడా పదిన్నరకే పెట్టి ఉంది. ఆ టైమర్ని అర్ధరాత్రికి జరిపారు, హాలు ఏసీల్ని ఎనిమిదిన్నర నుంచి ఒక్కొక్కటిగా వేశారు, పిండి రుబ్బడం ముందురోజు సాయంత్రానికి మార్చారు. రూపాయి పెట్టుబడి లేదు. కంపెనీ మార్చి మిగిల్చే దానికంటే ఆ పని వల్ల ఎక్కువ మిగిలింది. నాకు మాత్రం అందులో కమిషన్ లేదు. (నవ్వులు)

ఫంక్షన్ హాలువాళ్ళు, గుడి కమిటీలో ఉన్నవాళ్ళు ఎవరైనా ఉన్నారా? మీకు వేరే సంగతి. వారాంతంలో వెలిగి మిగతా రోజులు చీకటిగా ఉండే చోట్ల లోడ్ ఫ్యాక్టర్ బాగా తక్కువ. లోడ్ ఫ్యాక్టర్ అంటే, మీ గరిష్ఠ డిమాండ్‌తోనే నెలంతా నడిపితే ఎన్ని యూనిట్లయ్యేవో, అందులో నిజంగా ఎంత శాతం వాడారన్నది. 25 శాతం లోపు ఉండే చిన్న వ్యాపార కనెక్షన్లకి ఆ 80 శాతం లెక్క నుంచి మినహాయింపు ఉంది. మీ బిల్లులో అది అమలవుతోందో లేదో చూసుకోండి. లేకపోతే మీ రెప్ ద్వారా ఆంకార్‌ని అడగండి.

ఈ లోడ్ ఫ్యాక్టర్ సంగతి అర్థమైతే రేటు ఇద్దరికీ ఒకటి ఎందుకు కాదో కూడా తేలిపోతుంది. కిరాణా కొట్టుంది. నెలకి 20,000 యూనిట్లు, గరిష్ఠం 40 కిలోవాట్లు. కూలర్లు రాత్రీపగలూ తిరుగుతూనే ఉంటాయి కాబట్టి లోడ్ ఫ్యాక్టర్ 70 శాతం దరిదాపుల్లో ఉంటుంది. అర్ధరాత్రి పశ్చిమ టెక్సస్‌లో గాలి వీచి గాలిమరలు తిరుగుతుంటే హోల్‌సేల్ కరెంటు చాలా చవక. ఒక్కోసారి ధర సున్నా కంటే కిందికి కూడా పోతుంది. కొట్టుకి అమ్మే కరెంటులో పెద్ద భాగం ఆ చవక గంటల్లో కొన్నదే. రెస్టారెంట్‌కి అమ్మే కరెంటులో పెద్ద భాగం వేసవి సాయంత్రం ఏడు నుంచి తొమ్మిది మధ్య. సరిగ్గా సోలార్ తగ్గిపోయి, జనం ఇళ్ళకి చేరి ఏసీలు వేసుకునే వేళ. ఎర్‌కాట్‌లో ఖరీదైన గంటలు అవే. అందుకని కొట్టాయన తనకొచ్చిన రేటు వాట్సాప్‌లో పెడితే, రెస్టారెంట్ ఆయన దాన్ని పట్టుకుని నాతో పోట్లాడటం అన్యాయం.

సరే, ఇక కంపెనీలిచ్చే ధరల కోట్‌ల సంగతి. మూడు నాలుగు కంపెనీల నుంచి తెప్పించుకోండి. అవి నిజంగా వేర్వేరు కంపెనీలేనా అన్నది చూడండి. రిలయంట్, గ్రీన్ మౌంటెన్, డైరెక్ట్ ఎనర్జీ, సిర్రో, ఈ నాలుగూ ఎన్ఆర్‌జీ సంస్థవే. టీఎక్స్‌యూ, ఆంబిట్, ఫోర్‌చేంజ్, ట్రైఈగిల్ అన్నీ విస్ట్రావి. ఒకే ఇంటి అన్నదమ్ముల దగ్గర కోట్లు తెచ్చుకుని పోటీ పెట్టాననుకోవద్దు. కోట్లన్నీ ఒకే రోజు, ఒకే కాలపరిమితికి, ఒకే మొదలు తేదీకి తీసుకోండి. ఈ ధరలు రోజూ కదులుతాయి. సోమవారం కోట్‌నీ శుక్రవారం కోట్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చడంలో అర్థం లేదు.

కోట్ రాగానే మొదటి ప్రశ్న “ఎంత?” కాదు, “ఇందులో ఏమేం కలిశాయి?” అనాలి. ఫిక్స్‌డ్ అనే మాట ఒక్కటే అయినా సరుకు ఒక్కటి కాదు. ఎనర్జీ ఒక్కటే ఫిక్స్ చేసి, మిగతా ఖర్చుల్ని మీ మీదికి దాటించే ఫిక్స్‌డ్ ఉంది. దారిలో తీగల్లో పోయే కరెంటు నష్టం, తీగల మీద రద్దీ వల్ల పడే ఖర్చు, యాన్సిలరీ సర్వీసులు, అంటే గ్రిడ్ కుప్పకూలకుండా రిజర్వులో ఉంచే కరెంటుకయ్యే ఖర్చు, అన్నీ కలిపి ఫిక్స్ చేసేది ఇంకోటి. ఉదాహరణకి ఒకరు 6.8 సెంట్లంటారు, ఇంకొకరు 7.4 అంటారు. మీ కన్ను 6.8 మీదికి పోతుంది. అందులో యాన్సిలరీ దాటింపు ఉంటే అది 6.8 కాదు. ఎంతో ఎవరూ ముందుగా చెప్పలేరు.

ఊరికే భయపెట్టడం లేదు. 2023 జూన్‌లో ఎర్‌కాట్ ఈసీఆర్ఎస్ అనే కొత్త రిజర్వు సర్వీసు మొదలుపెట్టింది. ఆ వేసవి ఎండలు మీకు గుర్తుండే ఉంటాయి. ఆగస్టు 10న గ్రిడ్ మీద డిమాండ్ 85,508 మెగావాట్లు తాకింది, అప్పటికి అదే రికార్డు. యాన్సిలరీ ఖర్చులు విపరీతంగా పెరిగాయి. అప్పుడు కొన్ని కంపెనీలు, అన్నీ కలిపిన ఫిక్స్‌డ్ కాంట్రాక్ట్ ఉన్నవాళ్ళకి కూడా ఆ కొత్త ఖర్చు వేశాయి. ఎలా? కాంట్రాక్ట్‌లో ‘చేంజ్ ఇన్ లా’ అని ఒక క్లాజు ఉంటుంది. చట్టంలో గానీ మార్కెట్ నియమాల్లో గానీ మార్పు వచ్చి ఖర్చు పెరిగితే దాన్ని కొనుగోలుదారుడి మీద వేయొచ్చని. కొన్ని కంపెనీలు వేయలేదు, తామే భరించాయి. కాబట్టి ఆ క్లాజు ఎంత వెడల్పుగా రాశారన్నది చదవండి. అర్థం కాకపోతే “గతంలో ఈ క్లాజు వాడి మీరు కస్టమర్ల మీద చార్జీ వేశారా?” అని మెయిల్‌లో అడగండి. ఫోన్లో కాదు, మెయిల్‌లో.

ఇంకోటి బ్యాండ్‌విడ్త్. స్వింగ్ అని కూడా అంటారు. పెళ్ళికి మూడొందల మందికని కేటరర్‌కి చెప్పి ఐదొందల మంది వస్తే ఆయన పాత ధరకే వడ్డిస్తాడా? మీ గత ఏడాది వాడకం చూసి రెప్ ముందే కరెంటు కొనిపెట్టుకుంటాడు. వాడకం పదిశాతం పైకి పోయినా కిందికి పోయినా, ఆ తేడా అప్పటి మార్కెట్ ధర మీద సర్దుతామని కొన్ని కాంట్రాక్టుల్లో ఉంటుంది. కొత్తగా రెండో కిచెన్ పెట్టబోతున్నవాళ్ళు, కప్పు మీద సోలార్ వేయిద్దామనుకుంటున్నవాళ్ళు, ఎలక్ట్రిక్ కార్ చార్జర్లు పెట్టబోయే గ్యాస్ స్టేషన్లవాళ్ళు, మీరు బ్యాండ్‌విడ్త్ లేని కాంట్రాక్ట్ అడగండి. చిన్న మీటర్లకి అలాంటివి బాగానే దొరుకుతాయి.

ఇండెక్స్ అనే రకం కాంట్రాక్ట్ సంగతి కూడా చెప్పాలి. ఇందులో రేటే ఉండదు. హోల్‌సేల్ ధర ఎంతైతే అంత, పైన కొంచెం మార్జిన్. మామూలు రోజుల్లో ఇది అందరికంటే చవక, అబద్ధమేం లేదు. 2020లో అలా మురిసిపోయినవాళ్ళు చాలామంది. 2021 ఫిబ్రవరిలో మంచు తుఫాను వచ్చింది. ప్లాంట్లు గడ్డకట్టాయి, గ్యాస్ సరఫరా ఆగింది, లక్షల ఇళ్ళకి కరెంటు లేదు. ధరని మెగావాట్ అవర్‌కి 9,000 డాలర్ల పరిమితి దగ్గర దాదాపు నాలుగు రోజులు నిలబెట్టారు. అంటే యూనిట్‌కి 9 డాలర్లు. మామూలుగా రెండు మూడు సెంట్లుండేది. రోజుకి 400 యూనిట్లు వాడే కొట్టుకి ఒక్క రోజు బిల్లు 3,600 డాలర్లు! గ్రిడ్డీ అనే కంపెనీ హోల్‌సేల్ ధరకే ఇచ్చేది. దాన్ని ఆ నెల్లోనే ఎర్‌కాట్ మార్కెట్ నుంచి తప్పించింది, మార్చిలో దివాలా తీసింది. తర్వాత చట్టం చేసి ఇళ్ళకి అలాంటి ప్లాన్లు అమ్మకూడదన్నారు. వ్యాపారాలకి మాత్రం అమ్మొచ్చు. ఈ ప్రమాదం నాకు తెలుసు అని మీ చేత సంతకం పెట్టించుకుంటే చాలు. కాబట్టి అలాంటి కాగితం మీ ముందుకొస్తే అది ఫార్మాలిటీ అనుకోకండి. పరిమితిని తర్వాత 5,000కి తగ్గించారు. యూనిట్‌కి 5 డాలర్లన్నమాట. అదేం ఓదార్పు కాదు.

నా అభిప్రాయం అడిగితే, చిన్న వ్యాపారానికి ఇండెక్స్ వద్దు. బ్యాంకులో ఆరు నెలల ఖర్చు అట్టిపెట్టుకున్న ఫ్యాక్టరీవాళ్ళు, ధర పెరిగితే గంటలో మెషిన్లు ఆపగలిగినవాళ్ళు, కొంత ఫిక్స్ చేసి కొంత ఇండెక్స్‌లో పెట్టుకుంటారు. దోసెల పెనం ఎనిమిదింటికి ఆపగలరా మీరు?

ఇక నా కమిషన్. బ్రోకర్ సర్వీసు ఉచితం అని చెప్తుంటారు. ఉచితం కాదు. మా కమిషన్ మీ ఎనర్జీ రేటులో కలిపి ఉంటుంది, రెప్ మీ దగ్గర వసూలు చేసి మాకిస్తుంది. మేము దాన్ని ‘మిల్స్’లో లెక్కేస్తాం. ఒక మిల్ అంటే సెంటులో పదో వంతు. వినడానికి చాలా చిన్నగా ఉంటుంది, అందుకే అలా చెప్తాం. (నవ్వులు) పది మిల్స్ వేశామనుకోండి, అంటే యూనిట్‌కి ఒక సెంటు. నెలకి 20,000 యూనిట్లు వాడే కొట్టు ఏడాదికి 2,40,000 యూనిట్లు వాడుతుంది. మూడేళ్ళ కాంట్రాక్ట్ మీద 7,200 డాలర్లు. ఆ సంగతి బిల్లు మీద ఎక్కడా కనపడదు. అడిగే హక్కు మీకుంది: “నా రేటులో నీ మిల్స్ ఎన్ని? కాగితం మీద రాసివ్వు.” రాసివ్వనంటే లేచి వచ్చేయండి. నన్ను కూడా అలాగే అడగండి. 2019లో వచ్చిన చట్టం ప్రకారం బ్రోకర్లందరూ పీయూసీ దగ్గర రిజిస్టర్ అవ్వాలి. ఆ నంబర్ కమిషన్ వెబ్‌సైట్‌లో వెతికి చూడొచ్చు. మన గుడిలో కలిశాడు, మన జిల్లావాడు అన్నది రిజిస్ట్రేషన్ కాదు.

ఇంకో సంగతి. పొడుగు కాంట్రాక్ట్ అయితే మాకు ఎక్కువ కమిషన్. ఐదేళ్ళు పెట్టించడానికి మేమంతా ఉత్సాహంగా ఉండేది అందుకే. మీ షాపు లీజు ఇంకా ఎన్నాళ్ళుంది? రెండేళ్ళే ఉంటే ఐదేళ్ళ కరెంటు దేనికి? మధ్యలో మానేస్తే కట్టాల్సింది ఇళ్ళకి ఉన్నట్టు నూటయాభై, రెండొందల డాలర్లు కాదు. కమర్షియల్ కాంట్రాక్టుల్లో మిగిలిన నెలల కరెంటుని అప్పటి మార్కెట్ ధరకి అమ్మితే ఎంత నష్టమో లెక్క కట్టి వేస్తారు. మోటెల్ అమ్మేసినప్పుడు కొన్నాయన పాత కాంట్రాక్ట్ వద్దంటే ఆ లెక్క అమ్మినవాళ్ళ మీద పడుతుంది. వ్యాపారం అమ్మినా, మూసేసినా ఏమవుతుందన్న క్లాజు సంతకానికి ముందే చదవాలి, బేరమాడాలి.

50 కిలోవాట్ల గీత కూడా గుర్తుపెట్టుకోండి. గరిష్ఠ డిమాండ్ దానికి లోపు ఉంటే పీయూసీ నియమాల్లో మీరు చిన్న కమర్షియల్ కస్టమర్. ఇళ్ళకున్న రక్షణల్లో చాలావరకు మీకూ ఉంటాయి. దాటితే ఆ రక్షణలు వదులుకుంటున్నానని కాంట్రాక్ట్‌లో రాయించుకునే వీలు కంపెనీకి ఉంది, రాయించుకుంటారు కూడా. అప్పుడు ఆ కాగితంలో ఏముంటే అదే మీకు చట్టం.

ఎప్పుడు కొనాలి అంటే, టెక్సస్‌లో కరెంటు ధర చాలావరకు సహజవాయువు ధర వెంట నడుస్తుంది. 2022 ఆగస్టులో, అమెరికాలో గ్యాస్ ధరకి కొలమానంగా చూసే హెన్రీ హబ్ దగ్గర గ్యాస్ తొమ్మిది డాలర్లు దాటింది, 2024 మొదట్లో రెండు డాలర్ల కింద ఉంది. 2022 వేసవిలో కాంట్రాక్ట్ అయిపోయి, వేరే దారి లేక మూడేళ్ళకి సంతకం పెట్టినవాళ్ళు ఆ ధరని 2025 దాకా మోశారు. ధర ఎప్పుడు పడుతుందో నాకు తెలిస్తే నేనిక్కడ మైక్ పట్టుకుని ఉండేవాణ్ని కాదు. కానీ కాంట్రాక్ట్ ముగిసేదాకా ఆగక్కర్లేదు. ఏడాది ముందే కొని, మొదలు తేదీ తర్వాతికి పెట్టుకోవచ్చు. ముగింపు నెల ఏప్రిల్ లేదా అక్టోబర్ అయ్యేలా చూసుకోండి, ఆగస్టు మాత్రం వద్దు. ముగిసిన రోజు ఏం చేయకపోతే నెలనెలా మారే హోల్డోవర్ రేటులో పడతారు. అది ఎప్పుడూ మీకు నచ్చేలా ఉండదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభికుడు: మా తమ్ముడికి జీడిమెట్లలో ఫ్యాక్టరీ ఉంది. అక్కడ కూడా ఇలా కంపెనీ మార్చుకోవచ్చా?)

ఇలా కాదు. అక్కడ తీగలదీ అమ్మకానిదీ రెండూ డిస్కమే. కానీ 2003 విద్యుత్ చట్టంలో ఓపెన్ యాక్సెస్ అని ఉంది. మామూలుగా ఒక మెగావాట్, ఆ పైన లోడ్ ఉన్నవాళ్ళు బయట ఉత్పత్తిదారు దగ్గర గానీ విద్యుత్ ఎక్స్చేంజ్‌లో గానీ కొనొచ్చు. సోలార్, గాలి కరెంటుకైతే 2022 కేంద్ర నియమాల్లో ఆ గీతని 100 కిలోవాట్లకి దించారు. అక్కడ లెక్క చెడగొట్టేది రేటు కాదు, వీలింగ్ చార్జీలు, అంటే తీగలు వాడుకున్నందుకు కట్టేవి, క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి, అంటే తక్కువ రేటు కట్టేవాళ్ళ భారం కోసం వేసేది, అదనపు సర్‌చార్జి. నాలుగు రూపాయలకి సోలార్ దొరికిందని సంబరపడితే ఇవన్నీ కలిపి ఫ్యాక్టరీ గేటు దగ్గర ఎంతవుతుందో చూడాలి. కరెంటు ప్లాంటులో సొంత వాటా పెట్టి క్యాప్టివ్‌గా, అంటే సొంత వాడకానికి, కొంటే క్రాస్ సబ్సిడీ సర్‌చార్జి ఉండదు. మీ తమ్ముణ్ని డిస్కం బిల్లు, ఈ చార్జీల తాజా ఆర్డరు రెండూ పక్కన పెట్టుకుని లెక్కేయమనండి.

(సభికురాలు: మా రెప్ కంపెనీయే మూతపడితే?)

కరెంటు పోదమ్మా. మిమ్మల్ని ‘ప్రొవైడర్ ఆఫ్ లాస్ట్ రిసార్ట్’ అనే కంపెనీకి బదిలీ చేస్తారు. రేటు మాత్రం మండిపోతుంది. అక్కడి నుంచి ఫీజు లేకుండా ఎప్పుడైనా బయటికి రావొచ్చు, ఆ వారంలోనే రండి. మీరు కట్టిన డిపాజిట్ వెనక్కి రావడం మాత్రం వేరే తలనొప్పి. అందుకే పెద్ద డిపాజిట్ అడిగే చిన్న కంపెనీ దగ్గర ఒక సెంటు తక్కువకి ఆశపడొద్దంటాను.

(సభికుడు: నాది డిసెంబర్‌లో అయిపోతోంది. ఇప్పుడే లాక్ చేయాలా, ఆగాలా?)

ఎన్ని మీటర్లు? మూడా. లీజు? 2029 దాకా ఉందా, మంచిది. అయితే మూడూ ఒకే కాంట్రాక్ట్‌లో పెట్టి, ముగింపు అన్నిటికీ ఏప్రిల్‌కి తెండి. ఇవాళే ఒకసారి కోట్లు తీసుకోండి, సంతకానికి కాదు, ఎక్కడున్నామో తెలియడానికి. మీరు ఇప్పుడు కట్టేదానికంటే తక్కువొస్తే నేనైతే ఆగను. ఎక్కువొస్తే అక్టోబర్ దాకా చూడొచ్చు, నవంబర్ దాటనివ్వకండి. ఈలోగా స్మార్ట్ మీటర్ టెక్సస్‌లో మూడు మీటర్లవీ పన్నెండు నెలల డేటా దించుకుని నాకు పంపండి. నాకే అని లేదు, ఎవరికైనా సరే. బాబాయ్ గారూ, మీ బిల్లు ఇదిగోండి. వెనక పేజీలో పవర్ ఫ్యాక్టర్, అంటే లాగిన కరెంటులో ఎంత పనికొచ్చిందన్న లెక్క, దాని సర్దుబాటు ఉన్నట్టుంది, టీ తాగుతూ చూద్దాం.